కలుషిత మట్టిలో ఫినాల్స్‌ను కొలవడం ఎలా?

ఫినాల్స్ అంటే బెంజీన్ వలయానికి హైడ్రాక్సిల్ సమూహం అంటుకున్న సేంద్రియ పదార్థాలు. వీటి రిజల్టు తేడాగా వస్తే ల్యాబ్‌లో అందరి చూపూ మెషీన్ మీదకే పోతుంది. ట్యూనింగ్ చూస్తారు, కాలమ్ మారుస్తారు, కాలిబ్రేషన్ మళ్లీ మొదటి నుంచి వేస్తారు. చాలాసార్లు తప్పు అక్కడ ఉండదు. మట్టిలోని ఫినాల్‌లో కొంత సీసాలో ఉండగానే సూక్ష్మజీవులు తినేస్తాయి. కొంత ఆరబెట్టినప్పుడు ఆవిరైపోతుంది. పీహెచ్ సరిచేయకపోతే కొంత మట్టిని వదిలి బయటికే రాదు. చివర్లో ద్రావణిని (సాల్వెంట్‌ను) తగ్గించేటప్పుడు ఇంకొంత గాల్లో కలుస్తుంది. ఇవన్నీ దాటుకుని మిగిలినదాన్ని మెషీన్ సరిగ్గానే కొలిచి చూపిస్తుంది.

అందుకే ఇక్కడ మెషీన్ గురించి తక్కువ, దానికి ముందు జరిగే పనుల గురించి ఎక్కువ చెబుతాను. మీకు ల్యాబ్ పని కొద్దోగొప్పో తెలుసని, జీసీ-ఎంఎస్ (గ్యాస్ క్రోమటోగ్రఫీ-మాస్ స్పెక్ట్రోమెట్రీ) గానీ హెచ్‌పీఎల్‌సీ (ద్రవ క్రోమటోగ్రఫీ) గానీ అందుబాటులో ఉందని అనుకుంటున్నాను.

## ముందు ఏం కొలవాలో తేల్చుకోండి

మొత్తం ఫినాల్స్ ఎంత అనేది ఒక ప్రశ్న. ఏ ఫినాల్ ఎంత అనేది వేరే ప్రశ్న. ఈ రెంటికీ పద్ధతులు వేరు, ఖర్చు వేరు, వచ్చే అంకెకు అర్థమూ వేరు.

మొత్తం ఫినాల్స్ కోసం చాలాకాలంగా వాడుకలో ఉన్నది 4-అమైనోయాంటీపైరీన్ రంగు పరీక్ష. పీహెచ్ 10 దగ్గర, పొటాషియం ఫెర్రీసయనైడ్ సమక్షంలో, ఈ రసాయనం ఫినాల్‌తో కలిసి ఎర్రటి రంగు ఇస్తుంది. దాన్ని 500 నుంచి 510 నానోమీటర్ల మధ్య స్పెక్ట్రోఫోటోమీటర్‌లో చదువుతారు. గాఢత మరీ తక్కువైతే ఆ రంగును క్లోరోఫాంలోకి లాగి 460 దగ్గర చదువుతారు. చౌక, త్వరగా అయిపోతుంది, పెద్ద మెషీన్లు అక్కర్లేదు.

అయితే దీనికో గుడ్డితనం ఉంది. ఫినాల్ వలయంలో హైడ్రాక్సిల్‌కు సరిగ్గా ఎదురుగా, అంటే పారా స్థానంలో, మిథైల్ లాంటి ఆల్కైల్ సమూహం గానీ నైట్రో సమూహం గానీ ఉంటే రంగు రాదు. పారా-క్రెసాల్ (ఆ స్థానంలో మిథైల్ ఉన్న ఫినాల్) కిలోకు వంద మిల్లీగ్రాములున్నా ఈ పరీక్షకు కనిపించదు. 4-నైట్రోఫినాల్ కూడా అంతే. బొగ్గు తారు పడ్డ నేలలో పారా-క్రెసాల్ తప్పకుండా ఉంటుంది కాబట్టి, అలాంటి చోట ఈ పరీక్ష చూపించేది నిజం కంటే తక్కువే. ఇంకో పక్క, శాంపిల్‌ను ఆమ్లంలో డిస్టిలేషన్ చేయకుండా నేరుగా రంగు వేస్తే, ఆకులూ వేళ్లూ కుళ్లగా వచ్చిన సహజ ఫినాలిక్ పదార్థాలు, హ్యూమిక్ ఆమ్లాల గోధుమ రంగు కూడా లెక్కలో చేరి అంకె పెరుగుతుంది. సల్ఫైడ్ ఉంటే అదీ అడ్డే. దాన్ని కాపర్ సల్ఫేట్‌తో తీసేయాలి.

ఫోలిన్-సియోకాల్టూ రియేజెంట్‌తో చేసేద్దామనే ఆలోచన కొందరికి వస్తుంది. మొక్కల సారాల్లో అది బాగానే పనిచేస్తుంది. కానీ ఆ రియేజెంట్ ఫినాల్స్‌తోనే కాదు, ఎలక్ట్రాన్లు ఇవ్వగలిగే చాలా పదార్థాలతో చర్య జరుపుతుంది. కలుషిత మట్టి నిండా అలాంటివే. దాని జోలికి పోకండి.

నా సలహా ఇది. ఏ దిబ్బలో ఎక్కువుంది, ఏ దిబ్బలో తక్కువుందని పోల్చడానికి మాత్రమే రంగు పరీక్ష వాడండి. ఆరోగ్యానికి ప్రమాదమా, నేలను శుద్ధి చేయాలా, ఎంత లోతు తవ్వాలి అనే నిర్ణయాలకు విడివిడి ఫినాల్స్ కావాలి. ఎందుకంటే మామూలు ఫినాల్‌కూ పెంటాక్లోరోఫినాల్‌కూ విషతీవ్రతలో గానీ, నేలలో నిలిచి ఉండే కాలంలో గానీ పోలికే లేదు. పెంటాక్లోరోఫినాల్‌ను 2015లో స్టాక్‌హోమ్ ఒప్పందంలో చిరకాల కాలుష్యకారకాల జాబితాకు ఎక్కించారు. మామూలు ఫినాల్ అయితే గాలి తగిలే నేలలో సూక్ష్మజీవుల వల్ల కొద్ది రోజుల్లోనే తగ్గిపోతుంది.

వెతకాల్సిన జాబితాను ఆ స్థలం చరిత్రే చెబుతుంది. పాత కోక్ బట్టీలు, బొగ్గు గ్యాస్ ప్లాంట్లు ఉన్న చోట ఫినాల్, మూడు రకాల క్రెసాల్స్, డైమిథైల్ ఫినాల్స్ చూడాలి. కలపకు మందు పట్టించిన యార్డుల్లో పెంటాక్లోరోఫినాల్, దానితోపాటు టెట్రాక్లోరోఫినాల్స్ ఉంటాయి. క్లోరిన్‌తో గుజ్జు తెల్లబరిచిన కాగితపు మిల్లుల దగ్గర క్లోరోఫినాల్స్, పురుగుమందుల గోదాముల దగ్గర నైట్రోఫినాల్స్. చరిత్ర ఏమీ తెలియకపోతే అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ప్రాధాన్య కాలుష్యకారకాల జాబితాలోని 11 ఫినాల్స్‌తో మొదలుపెట్టి, వాటికి క్రెసాల్స్ చేర్చుకోండి. ఆ 11లో క్రెసాల్స్ విడిగా లేవు, మరిచిపోయే వీలుంది.

## పీహెచ్ సంగతి ఇప్పుడే అర్థం చేసుకోండి

ఈ పని మొత్తం ఒక్క విషయం మీద నడుస్తుంది. ఫినాల్స్ బలహీన ఆమ్లాలు. చుట్టూ ఆమ్లం ఉన్నప్పుడు వాటికి విద్యుదావేశం ఉండదు, సేంద్రియ ద్రావణిలోకి తేలిగ్గా వచ్చేస్తాయి. చుట్టూ క్షారం ఉంటే ప్రోటాన్‌ను వదిలేసి ఫినోలేట్ అయాన్లుగా మారి నీటిలో ఉండిపోతాయి. ఏ పీహెచ్ దగ్గర ఇలా సగం సగం అవుతాయో దాన్నే పీకేఏ అంటారు. ఒక్కో ఫినాల్‌కు అది ఒక్కోలా ఉంటుంది.

మామూలు ఫినాల్‌కు అది దాదాపు 10. క్రెసాల్స్‌కు ఇంకాస్త ఎక్కువ. 2,4-డైక్లోరోఫినాల్‌కు 8కి కాస్త తక్కువ, 4-నైట్రోఫినాల్‌కు 7 పైచిలుకు. పెంటాక్లోరోఫినాల్‌కు 4.7 దగ్గర, 2,4-డైనైట్రోఫినాల్‌కు ఇంచుమించు 4.

ఇప్పుడు పీహెచ్ 7 ఉన్న మట్టిని ఊహించుకోండి. అందులో మామూలు ఫినాల్ వెయ్యింట ఒక వంతు మాత్రమే అయాన్‌గా ఉంటుంది. పెంటాక్లోరోఫినాల్ అయితే 99 శాతానికి పైగా అయానే. ఆ మట్టిని అలాగే డైక్లోరోమీథేన్ అనే ద్రావణితో కడిగితే మొదటిది బాగా వస్తుంది, రెండోది సరిగ్గా రాదు. రిపోర్టులో పెంటాక్లోరోఫినాల్ లేదనో, చాలా తక్కువనో పడుతుంది. మట్టిని పీహెచ్ 2కి తెస్తే రెండూ అయాన్ రూపం వదిలేస్తాయి. తర్వాత క్లీనప్‌లో, అంటే అడ్డు పదార్థాలను వేరుచేసే మెట్టులో, ఇదే గుణాన్ని తిరగేసి వాడతాం.

## శాంపిల్ తీయడం

గుంత ఎంత లోతు తవ్వాలో కూడా ఈ రసాయనమే తేలుస్తుంది. ఫినాల్ నీటిలో లీటరుకు 80 గ్రాములకు పైగా కరుగుతుంది. వానలకు పైపొర నుంచి కిందికి దిగిపోతుంది. కాబట్టి పై 15 సెంటీమీటర్ల మట్టి మాత్రమే తీసి ఫినాల్ లేదని రాయడం మోసపోవడమే. పెంటాక్లోరోఫినాల్ ఆమ్ల నేలలో సేంద్రియ పదార్థానికి అతుక్కుని పైనే ఉంటుంది, క్షార నేలలో నీటితో కదులుతుంది. ఆగర్‌తోనో కోరర్‌తోనో లోతువారీగా, పొర మారిన ప్రతిచోటా, భూగర్భజల మట్టం దాకా తీయండి. రంగు మారిన చోటు, తారు వాసన తగిలిన చోటు విడి శాంపిల్ కావాలి. వాసన కోసం మట్టిని ముక్కు దగ్గరికి మాత్రం తెచ్చుకోకండి.

కాలుష్యం తగలని చోటు నుంచి, అదే రకం మట్టి, కనీసం ఒకటి తీసుకోండి. ఆ నేలలో సహజంగా ఎంత ఉందో తెలియకపోతే మీ అంకెలో ఎంత భాగం కాలుష్యమో చెప్పలేరు.

సీసా గాజుదే కావాలి, ముదురు రంగుదైతే మంచిది. మూత లోపల టెఫ్లాన్ పొర ఉండాలి. ఇక్కడో చిన్న సంగతి చాలామంది గమనించరు. ల్యాబ్ సీసాలకు వచ్చే గట్టి నల్ల మూతలు చాలావరకు ఫినాల్-ఫార్మాల్డిహైడ్ రెజిన్‌తో చేసినవే. ఫినాల్ కోసం తీసిన మట్టిని ఫినాల్‌తో తయారైన మూత కింద పెట్టినట్టవుతుంది. టెఫ్లాన్ పొర చిరగకుండా, మూత అంచుకు మట్టి అంటకుండా చూసుకుంటే గొడవ ఉండదు. ప్లాస్టిక్ సంచులు వద్దు. పనిముట్లు స్టెయిన్‌లెస్ స్టీలువి. ఒక గుంత నుంచి ఇంకో గుంతకు వెళ్లే ముందు డిటర్జెంట్‌తో కడిగి, శుభ్రమైన నీటితో, తర్వాత మిథనాల్‌తో జాడించండి. ఫినాల్ కలిసిన క్రిమిసంహారక ఫ్లోర్ క్లీనర్లను వాహనంలో గానీ ల్యాబ్‌లో గానీ ఆ దరిదాపుల్లో వాడనివ్వకండి. బ్లాంక్‌లో (కాలుష్యం లేని పోలిక శాంపిల్‌లో) ఫినాల్ కనబడి తల పట్టుకునే సందర్భాల్లో ముందు చూడాల్సింది నేల తుడిచే బకెట్టే.

సీసాను అంచుదాకా నింపండి, గాలికి చోటు మిగల్చొద్దు. రాళ్లు, వేళ్లు చేత్తో ఏరేయండి. వెంటనే ఐసులో పెట్టి, ల్యాబ్‌లో 4 డిగ్రీల దగ్గర, చీకట్లో ఉంచండి. తీసిన రోజు నుంచి 14 రోజుల్లోపు ఎక్స్‌ట్రాక్షన్ (ద్రావణితో మట్టిలోంచి ఫినాల్స్‌ను బయటికి లాగడం) అయిపోవాలి. ఆ గడువు దాటేలా ఉంటే మైనస్ 20 దగ్గర గడ్డకట్టించడం మేలు. అప్పుడు మాత్రం సీసాలో కాస్త ఖాళీ ఉంచాలి, లేదంటే పగులుతుంది. ఫ్రిజ్‌లో పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండకూడదు. చల్లదనం సూక్ష్మజీవులను నెమ్మది చేస్తుందే గానీ ఆపదు.

## మట్టిని సిద్ధం చేయడం

మట్టిని ఓవెన్‌లో ఆరబెట్టొద్దు. గాలికీ ఆరబెట్టొద్దు. ఫినాల్, క్రెసాల్స్, 2-క్లోరోఫినాల్ ఆవిరయ్యే రకాలు. ఆరబెట్టి, దంచి, జల్లెడ పట్టి చేసే విశ్లేషణ లోహాలకు సరిపోతుంది, వీటికి సరిపోదు. తడి మట్టినే చల్లగా ఉండగా స్టీలు గరిటెతో త్వరగా కలిపి తూకం వేయండి.

తేమ కోసం వేరేగా 5 నుంచి 10 గ్రాములు తీసి 105 డిగ్రీల దగ్గర బరువు మారడం ఆగేదాకా ఆరబెట్టండి. ఈ భాగం తేమ లెక్కకే, దీన్ని ఇంక దేనికీ వాడొద్దు.

ఎక్స్‌ట్రాక్షన్‌కు మామూలుగా 10 నుంచి 30 గ్రాముల తడి మట్టి చాలు. తారు ముద్దలు కనబడుతుంటే 2 గ్రాములు కూడా ఎక్కువే కావచ్చు. తూచాక, ద్రావణి పోయకముందే, సరొగేట్లను నేరుగా మట్టి మీద వేయండి. ఇవి శాంపిల్‌లో మామూలుగా ఉండని, మీరు వెతికే వాటిలాగే ప్రవర్తించే పదార్థాలు. 2-ఫ్లోరోఫినాల్, డ్యుటీరియం ఉన్న ఫినాల్, 2,4,6-ట్రైబ్రోమోఫినాల్ అనే మూడూ మామూలుగా వాడతారు. మొదటిది తేలిగ్గా ఆవిరయ్యే ఫినాల్స్‌కు, చివరిది బరువైన, ఆమ్ల గుణం ఎక్కువున్న ఫినాల్స్‌కు సాక్షి. చివర్లో 2-ఫ్లోరోఫినాల్ ఒక్కటే తగ్గిందంటే ఆవిరిలో పోయిందని అర్థం. ట్రైబ్రోమోఫినాల్ ఒక్కటే తగ్గితే ముందు పీహెచ్‌ను, తర్వాత జీసీ లైనర్‌ను (ఇంజెక్షన్ చోట ఉండే గాజు గొట్టాన్ని) అనుమానించాలి. సరొగేట్లను ఇలా చదవడం అలవాటైతే సగం తప్పులు ఎక్కడున్నాయో వాటంతటవే తెలుస్తాయి.

తర్వాత ఆమ్లం. ఒకటికి ఒకటి నీటితో పలుచన చేసిన హైడ్రోక్లోరిక్ లేదా సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని చుక్కచుక్కగా వేస్తూ కలపండి. విడిగా కొద్ది మట్టిలో ఇదే నిష్పత్తిలో ఆమ్లం, నీళ్లు కలిపి పీహెచ్ 2 లోపు వచ్చిందో లేదో చూసుకోండి. సున్నపు నేల అయితే నురుగు పొంగుతుంది, కార్బొనేట్ అంతా తీరేదాకా ఆమ్లం పడుతూనే ఉంటుంది. ఓపిక పట్టాలి. ఈ పని ఫ్యూమ్ హుడ్ బయట చేయకూడదు. బొగ్గు గ్యాస్ ప్లాంట్ల మట్టిలో సల్ఫైడ్లు, సయనైడ్లు ఉంటాయి. ఆమ్లం తగలగానే హైడ్రోజన్ సల్ఫైడ్, ఒక్కోసారి హైడ్రోజన్ సయనైడ్ వెలువడతాయి. మట్టిలో నీలి మచ్చలు కనబడితే అవి ఇనుప సయనైడ్లు కావచ్చు. అప్పుడు మరీ జాగ్రత్త.

చివరగా నీటిని పీల్చడానికి అనార్ద్ర సోడియం సల్ఫేట్ కలిపి, మట్టి ఇసుకలా విడివిడిగా రాలేదాకా తిప్పండి. ముద్దగా ఉంటే ద్రావణి లోపలికి దిగదు. సల్ఫేట్‌ను ముందే 400 డిగ్రీల దగ్గర 4 గంటలు కాల్చి ఉంచుకోండి. దానిలో కొద్దిపాటి క్షారత ఉన్నా నైట్రోఫినాల్స్, పెంటాక్లోరోఫినాల్ దానికి పట్టుకుంటాయి. అందుకే ఆమ్లం ముందు, సల్ఫేట్ తర్వాత.

## ఎక్స్‌ట్రాక్షన్

సాక్స్‌లెట్ పాతది, నిదానం, నమ్మకమైనది. 10 గ్రాముల మట్టికి 300 మి.లీ. ద్రావణి, గంటకు 4 నుంచి 6 సైకిల్స్ చొప్పున 16 నుంచి 24 గంటలు. డైక్లోరోమీథేన్, అసిటోన్ సమభాగాలుగా కలిపితే బాగా పనిచేస్తుంది. అసిటోన్ తడి మట్టిలోకి దూరుతుంది, డైక్లోరోమీథేన్ ఫినాల్స్‌ను మోసుకొస్తుంది.

అంత సమయం లేకపోతే అల్ట్రాసోనిక్ ప్రోబ్. 30 గ్రాముల మట్టికి 100 మి.లీ. ద్రావణి పోసి 3 నిమిషాలు పల్స్ మోడ్‌లో నడపాలి, ద్రావణి వంచుకుని మరో రెండుసార్లు అలాగే చేయాలి. ఇక్కడ చెబుతున్నది టైటానియం కొమ్ము ఉండే ప్రోబ్ గురించి. గాజుసామాను కడిగే అల్ట్రాసోనిక్ తొట్టిలో ఫ్లాస్కు పెట్టి ఇదే ఫలితం ఆశించకండి, శక్తి చాలదు. బంకమట్టిలో అసలే చాలదు. ప్రెషరైజ్డ్ ఎక్స్‌ట్రాక్టర్ గానీ మైక్రోవేవ్ ఎక్స్‌ట్రాక్టర్ గానీ ఉంటే 100 డిగ్రీలు దాటిన వేడిలో పావుగంటో అరగంటో పడుతుంది, ద్రావణీ తక్కువ ఖర్చవుతుంది. ఉన్నవాళ్లు అదే వాడాలి.

ఏ పద్ధతైనా ఒక పరీక్ష చేయండి. మొదటి ఎక్స్‌ట్రాక్షన్ అయిపోయిన మట్టినే మళ్లీ ఇంకోసారి ఎక్స్‌ట్రాక్ట్ చేసి విడిగా కొలవండి. రెండోదాంట్లోనూ గణనీయంగా వస్తే మీ పద్ధతి ఆ మట్టికి చాలడం లేదు. స్పైక్ రికవరీ, అంటే తెలిసినంత ఫినాల్‌ను మట్టిలో కలిపి ఎంత తిరిగొచ్చిందో చూడడం, ఈ సంగతి చెప్పదు. నిన్న వేసిన స్పైక్ మట్టి పైపైన ఉంటుంది, ఏళ్ల తరబడి మట్టి రేణువుల్లోకి ఇంకిన ఫినాల్ లోపల ఉంటుంది. స్పైక్ 95 శాతం వచ్చిందని పాత కాలుష్యం కూడా 95 శాతం వచ్చిందనుకోవడం ఈ రంగంలో చాలా మామూలుగా జరిగే పొరపాటు.

## ద్రావణిని తగ్గించడం

ఇక్కడే చాలామంది ఫినాల్‌ను పోగొట్టుకుంటారు. కుడెర్నా-డేనిష్ ఫ్లాస్కు గానీ రోటరీ ఇవాపరేటర్ గానీ వాడి 5 మి.లీ. దాకా తీసుకురండి. రోటరీ అయితే నీటి తొట్టి 35 డిగ్రీలు దాటనివ్వకండి, వాక్యూమ్ మెల్లగా పెంచండి. ఆ తర్వాత 1 మి.లీ. దాకా సన్నని నైట్రోజన్ ధార. ద్రవం పైన చిన్న గుంట పడాలి గానీ చిందకూడదు. పూర్తిగా ఎండనివ్వొద్దు. ఒక్క క్షణం ఎండినా ఫినాల్, 2-క్లోరోఫినాల్ చాలావరకు పోతాయి. పెంటాక్లోరోఫినాల్ మాత్రం ఉంటుంది కాబట్టి రిపోర్టు చూసినవాళ్లకు అనుమానం కూడా రాదు.

## క్లీనప్: పీహెచ్‌ను తిరగేయడం

తారు, నూనె ఉన్న మట్టి నుంచి వచ్చే ద్రవం నల్లగా, చిక్కగా ఉంటుంది. దాన్ని నేరుగా ఇంజెక్ట్ చేస్తే కాలమ్ పాడవుతుంది, నాఫ్తలీన్ లాంటివి ఫినాల్ పీక్స్‌ను మింగేస్తాయి.

ముందు అసిటోన్‌ను పూర్తిగా తీసేసి డైక్లోరోమీథేన్‌లోకి మారండి. అసిటోన్ నీటిలో కలిసిపోయి పొరలు విడనివ్వదు. పైగా క్షారం తగిలితే అది తనలో తానే కలిసి డైఅసిటోన్ ఆల్కహాల్‌గా మారి, క్రోమటోగ్రామ్ మొదట్లో పెద్ద అడ్డు పీక్ ఇస్తుంది. తర్వాత సెపరేటరీ ఫనల్‌లో సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం పోసి, పీహెచ్ 12 దాటించి ఊపండి. మధ్యమధ్య ఆవిరి వదలడం మరవొద్దు. ఇప్పుడు ఫినాల్స్ అన్నీ అయాన్లుగా మారి నీటి పొరలోకి వచ్చేస్తాయి. తారు, నూనె, నాఫ్తలీన్ కింది డైక్లోరోమీథేన్ పొరలో ఉండిపోతాయి. పీహెచ్ 10 దగ్గరే ఆగితే పనికిరాదు, మామూలు ఫినాల్ సగమే వస్తుంది. 2,4-డైమిథైల్ ఫినాల్ అంతకంటే తక్కువ. మూడుసార్లు ఇలా చేసి నీటి పొరలన్నీ కలపండి.

ఆ నీటిని చల్లబరుస్తూ ఆమ్లంతో పీహెచ్ 2 లోపుకు తెచ్చి, కొత్త డైక్లోరోమీథేన్‌తో మూడుసార్లు వెనక్కి లాగండి. ఫినాల్స్ మళ్లీ సేంద్రియ పొరలోకి, ఈసారి శుభ్రంగా వస్తాయి. పొరల మధ్య ఎమల్షన్ కట్టి విడిపోకపోతే కొంచెం ఉప్పు వేయండి, అప్పటికీ లొంగకపోతే సెంట్రిఫ్యూజ్. క్షార ద్రావణంలో రాత్రంతా వదిలేసి ఇంటికి వెళ్లొద్దు, ఫినాల్స్ గాలికి ఆక్సీకరణ చెంది ద్రవం గోధుమ రంగుకు తిరుగుతుంది.

శాంపిల్ శుభ్రంగా, లేతగా ఉంటే ఈ మెట్టు మానేయొచ్చు. ప్రతి మెట్టూ కొంత పోగొడుతుంది.

## మెషీన్

జీసీ-ఎంఎస్‌కు 5 శాతం ఫినైల్ ఉన్న మామూలు కాలమ్, 30 మీటర్లది, సరిపోతుంది. స్ప్లిట్‌లెస్ ఇంజెక్షన్, ఓవెన్ 40 డిగ్రీల దగ్గర 4 నిమిషాలు ఆగి, నిమిషానికి 10 డిగ్రీల చొప్పున పెరుగుతుంది. ఫినాల్‌ను 94 అయాన్‌తో, క్రెసాల్స్‌ను 107, 108తో, 2,4-డైక్లోరోఫినాల్‌ను 162తో, పెంటాక్లోరోఫినాల్‌ను 266తో లెక్కిస్తారు. పక్క అయాన్ల నిష్పత్తి కూడా సరిపోవాలి. పెంటాక్లోరోఫినాల్‌కు 264, 266, 268 మూడూ క్లోరిన్ ఐసోటోపుల వరుసలో కనబడకపోతే అది పెంటాక్లోరోఫినాల్ కాదు.

రోజూ పని మొదలుపెట్టే ముందు పెంటాక్లోరోఫినాల్ పీక్ ఆకారం చూడండి. తోక సాగిందంటే లైనర్ మురికి పట్టింది. లైనర్ మార్చి, కాలమ్ ముందు భాగం కాస్త కత్తిరించాలి. 2,4-డైనైట్రోఫినాల్ ఇంకా మొండిది, తక్కువ గాఢతల్లో మాయమే అవుతుంది. దానికి సరళరేఖ కుదరక కాలిబ్రేషన్ వంపు తిరిగినా కంగారు పడొద్దు, వక్రరేఖే వాడండి.

ఈ తంటా తప్పించుకోవడానికి డెరివేటైజేషన్ చేస్తారు, అంటే ఫినాల్స్‌ను తేలిగ్గా కొలవగలిగే వేరే రూపంలోకి మారుస్తారు. నీటిలోనే పొటాషియం కార్బొనేట్ వేసి అసిటిక్ అన్‌హైడ్రైడ్ కలిపితే ఫినాల్స్ అసిటేట్లుగా మారి పీక్స్ సన్నగా వస్తాయి. క్లీనప్‌లో క్షార నీటిలోకి ఎలాగూ తెచ్చాం కాబట్టి ఇది అక్కడే అతుకుతుంది. నైట్రోఫినాల్స్ మాత్రం దీనికి సరిగ్గా లొంగవు. బీఎస్‌టీఎఫ్‌ఏ అనే మరో డెరివేటైజేషన్ రియేజెంట్ వాడితే నీటి చుక్క కూడా ఉండకూడదు. హెచ్‌పీఎల్‌సీ అయితే డెరివేటైజేషనే అక్కర్లేదు. సి18 కాలమ్, ఆమ్లం కలిపిన నీరు, అసిటోనైట్రైల్, 280 నానోమీటర్ల దగ్గర డిటెక్టర్. మొబైల్ ఫేజ్‌లో ఆమ్లం వేయకపోతే పెంటాక్లోరోఫినాల్ పీక్ ముందుకు జరిగి వెడల్పవుతుంది, కారణం మళ్లీ అదే పీకేఏ. నూనె మట్టిలో యూవీ డిటెక్టర్‌ను ఒంటరిగా నమ్మకండి, ఒకే సమయానికి వచ్చే వేరే పదార్థం ఫినాల్ వేషం వేస్తుంది.

కాలిబ్రేషన్‌కు కనీసం 5 స్థాయిలు. ప్రతి 20 శాంపిల్స్‌కు ఒక బ్లాంక్, ఒక స్పైక్, ఒక డూప్లికేట్. బ్లాంక్ అంటే ఖాళీ ద్రావణి కాదు. శుభ్రమైన ఇసుకను మట్టిలాగే ఆమ్లం, సల్ఫేట్, ద్రావణి, క్లీనప్ అన్నిటిలోంచీ నడిపించాలి.

## లెక్క

తడి మట్టి 20 గ్రాములు తీసుకున్నారు, తేమ 18 శాతం. పొడి మట్టి 16.4 గ్రాములు. చివరి ద్రవం 1 మి.లీ. మెషీన్ అందులో ఫినాల్ మి.లీ.కు 12.5 మైక్రోగ్రాములు చూపించింది. 12.5ను 16.4తో భాగిస్తే గ్రాముకు 0.76 మైక్రోగ్రాములు, అంటే కిలో పొడి మట్టికి 0.76 మి.గ్రా. తేమ తీసేయకుండా లెక్కిస్తే 0.63 వచ్చేది. డైల్యూట్ చేసి ఇంజెక్ట్ చేసి ఉంటే ఎన్ని రెట్లు చేశారో అంతతో గుణించాలి.

సరొగేట్ 64 శాతమే వచ్చిందని 0.76ను 0.64తో భాగించి పెంచకండి. మీరు పాటించే పద్ధతి అలా చేయమంటే తప్ప, ఫలితం ఫలితంగా, రికవరీ రికవరీగా పక్కపక్కన రాయాలి. చదివేవాళ్లు చూసుకుంటారు.

గుర్తింపు పరిమితి (పద్ధతి నమ్మకంగా కనిపెట్టగల అతి తక్కువ గాఢత) కోసం, అతి తక్కువ స్థాయిలో స్పైక్ చేసిన 7 శాంపిల్స్‌ను మొదటి నుంచి చివరిదాకా విడివిడిగా చేయండి. వాటి ప్రామాణిక విచలనాన్ని 3.143తో గుణిస్తే వస్తుంది. దానికంటే తక్కువ వచ్చినదాన్ని సున్నా అని రాయకూడదు. 'ఇంతకంటే తక్కువ' అని పరిమితితో సహా రాయాలి.

మామూలు కాలమ్‌లో మెటా, పారా క్రెసాల్స్ రెండూ ఒకే పీక్‌గా వస్తాయి. వాటిని విడదీసినట్టు రిపోర్టులో రెండు గడులు పెట్టకండి. '3, 4-మిథైల్ ఫినాల్స్ కలిపి' అని ఒకే గడి. స్టాండర్డ్‌లో కూడా రెండూ కలిసే ఉన్నాయో లేదో చూసుకోండి.

## చేతులు, వ్యర్థాలు

స్టాండర్డ్స్ తయారుచేసేటప్పుడు వాడే గాఢ ఫినాల్ చర్మాన్ని కాలుస్తుంది, అదే సమయంలో మొద్దుబారుస్తుంది. కాలినట్టు తెలిసేసరికి చర్మంలోంచి లోపలికి ఇంకిపోయి ఉంటుంది, ప్రాణం మీదకు రావచ్చు. ఆ గదిలో పాలీఇథిలీన్ గ్లైకాల్ 300 లేదా 400 సీసా చేతికందేలా ఉండాలి. పడితే వెంటనే బట్టలు తీసేసి, దానితో మళ్లీ మళ్లీ తుడవాలి. అది లేకపోతే ధారాళంగా నీళ్లతో కడుగుతూ ఆసుపత్రికి. పలుచని నైట్రైల్ గ్లవ్స్ డైక్లోరోమీథేన్‌ను కొద్ది నిమిషాలు కూడా ఆపవు, పడగానే మార్చేయండి.

డైక్లోరోమీథేన్ వ్యర్థం హాలోజన్ ద్రావణుల డబ్బాలోకే, సింకులోకి కాదు. ఎక్స్‌ట్రాక్ట్ చేసిన మట్టి కూడా ప్రమాదకర వ్యర్థమే, కుండీలో పోయకండి. చివరి ద్రవం మిగిలితే టెఫ్లాన్ మూత ఉన్న చిన్న వయల్‌లో చీకటిగా, చల్లగా దాచండి. ఎక్స్‌ట్రాక్షన్ నుంచి 40 రోజుల దాకా దాన్ని మళ్లీ ఇంజెక్ట్ చేయొచ్చు. రిపోర్టు అందుకున్నవాళ్లు ప్రశ్నలు అడిగేది ఎక్కువగా ఆ లోపే.